ప్యాకేజీ ఎంత అని అడిగే ముందు



పిల్లలు ఇంకా తొమ్మిదిలో, పదిలో ఉండగానే ఉద్యోగాల గురించి ఎందుకు అనుకుంటున్నారేమో. మన స్కూల్లో చాలామందికి ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న అన్నో, అక్కో ఉన్నారు. పైగా ఇంటర్ అయినవాళ్లకు శిక్షణ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకునే హెచ్‌సీఎల్ టెక్‌బీ లాంటి కార్యక్రమాలూ వచ్చాయి. కాబట్టి ఇప్పుడు పదిలో ఉన్న మీ బాబుకో, పాపకో రెండేళ్లలోనే ఆఫర్ లెటర్ రావచ్చు.

అది వచ్చిన రోజు మన ఇళ్లలో ఒకటే ప్రశ్న: "ప్యాకేజీ ఎంత?" సాయంత్రానికల్లా గుడివాడలో మేనమామకు, అవనిగడ్డలో పెద్దమ్మకు ఆ అంకె తెలిసిపోతుంది. స్వీట్లు పంచొద్దని నేననను. కానీ అంకె ఊరంతా తిరిగాక లెటర్లో ఏదో తేడా ఉందని పిల్లలకు అనిపించినా, ఇంట్లో నోరు విప్పలేరు.

దివిసీమలో రెండెకరాలు కౌలుకు తీసుకోవాలంటే మనం ఎన్ని అడుగుతాం! శివారు భూమా, కాలువ నీరు ఎప్పటికి అందుతుంది, ఉప్పు తేలుతుందా, తుపానుకు పంట పోతే కౌలు తగ్గిస్తారా... పిల్లల ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఒక్క అంకెతో సరిపెట్టేస్తాం.

ఆ అంకెనే ఒకసారి విప్పి చూద్దాం. ఏడాదికి రూ.3,60,000 అన్నారనుకోండి. నెలకు 30,000 అని మన లెక్క. అందులో రూ.36,000 వేరియబుల్ పే అయితే నెలకు 27,000 మిగులుతుంది. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 1,800, గ్రాట్యుటీ కింద చూపే దాదాపు 700 కూడా ఆ ప్యాకేజీలోవే. ఇక ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,800, వృత్తి పన్ను 200 పోతే, చేతికొచ్చేది రూ.22,500. పీఎఫ్ మన డబ్బే, ఎక్కడికీ పోదు. గ్రాట్యుటీ మాత్రం పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా అయిదేళ్లు నిండితేనే. మొదటి ఉద్యోగానికి 22,500 చెడ్డ జీతమేమీ కాదు. బీఈడీ అయ్యాక నా మొదటి జీతం అంతకంటే తక్కువే. కానీ 30,000 వస్తుందనుకుని ఎడ్యుకేషన్ లోను వాయిదా, బెంగళూరులో హాస్టల్ ఖర్చు లెక్కేసుకున్న ఇంటికి మొదటి నెలే ఇబ్బంది మొదలవుతుంది.

ఇక ఇంగ్లిష్ టీచరుగా నాకు కనిపించేది ఇంకొకటుంది. ఉద్యోగానికి దరఖాస్తు ఎలా రాయాలో క్లాసులో నేర్పిస్తాం. దానికి జవాబుగా వచ్చే లెటర్‌ను ఎలా చదవాలో నేర్పించం. అసలు సంగతంతా చిన్న చిన్న మాటల్లో ఉంటుంది. 'షల్' అంటే చేసి తీరాలి. 'మే' అంటే వాళ్ల ఇష్టం. చాలా లెటర్లలో ఉద్యోగి కట్టాల్సిన చోట 'షల్' ఉంటుంది, కంపెనీ ఇవ్వాల్సిన బోనస్ దగ్గర 'మే' ఉంటుంది. 'అప్ టు' అంటే అంతకు మించదని, అంత ఇస్తామని కాదు. జాయినింగ్ తేదీ 'తర్వాత తెలియజేస్తాం' అని ఉంటే దాన్నీ గమనించండి. 2022లో ఆఫర్ అందుకున్న కొందరు ఇన్ఫోసిస్‌లో చేరడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది.

బాండ్ ఉంటే మరీ జాగ్రత్త. హామీదారుగా తండ్రి సంతకం అడిగేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లిష్ రాదని మొహమాటపడి గుడ్డిగా సంతకం పెట్టకండి, ప్రతి లైనూ తెలుగులో చెప్పించుకోండి. 'బాండ్లు కోర్టులో నిలవవులే' అనే మాటనూ నమ్మొద్దు. మూడేళ్ల లోపు మానేస్తే రూ.2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అది ప్రభుత్వ బ్యాంకు కేసు, ప్రతి కంపెనీ బాండూ అలాగే నిలుస్తుందని కాదు. అయినా సంతకం పెట్టే ముందే ఎంత, ఎన్నేళ్లు, ట్రైనింగ్ మధ్యలో వాళ్లే తీసేస్తే ఏమిటి అని అడగాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్ల మాట కూడా. బీఈడీ అయిన కొత్తలో ఒక విద్యాసంస్థవాళ్లు నా ఒరిజినల్స్ ఏడాదిపాటు తమ దగ్గర పెట్టమన్నారు. చూపిస్తాను, జిరాక్సులు ఇస్తాను, ఒరిజినల్స్ మాత్రం ఇవ్వనన్నాను. ఆ ఉద్యోగం రాలేదు. ఇంకో నెల ట్యూషన్లు చెప్పుకున్నాను. నాన్నగారు ఏమీ అనకపోవడం నాకు పెద్ద బలం.

విదేశీ ఆఫర్లయితే ఇంకో మెట్టు ఎక్కువే చూడాలి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన రాష్ట్ర యువకులను కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన వైనాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఏజెంటు పేరు కేంద్రప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. లైసెన్సున్న ఏజెంటు కూడా రూ.30,000, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు.

'ఈ రోజుల్లో ఉద్యోగం దొరకడమే గగనం, ఇన్ని అడిగితే ఉన్నదీ పోదా?' అని మీరనవచ్చు. ఆ భయం నాకు తెలుసు. నేను చేరొద్దనడం లేదు. రెండు రోజులు గడువు కావాలని, ఫలానా షరతు అర్థం కాలేదని మర్యాదగా మెయిల్ పెట్టమంటున్నాను. నియామక పత్రం రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు కూడా చెబుతున్నాయి. ఫోన్లో చెప్పాం కదా అనేవాళ్లను కాగితం అడగండి.

ఒక మనవి. మీ ఇంట్లో ఎవరిదైనా ఆఫర్ లెటర్ ఉంటే, పేర్లు, కంపెనీ వివరాలు కొట్టేసి జిరాక్సు ఒకటి వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తెచ్చివ్వండి. పదో తరగతి ఇంగ్లిష్ క్లాసులో పిల్లలతో లైను లైనూ చదివిస్తాను. ఆ రోజు మీకు వీలైతే వెనక బెంచీలో వచ్చి కూర్చోండి.