రాజుగారి కథ, కైమా మిషను నిజం

2018 ఏప్రిల్ 28న స్వీడన్ దేశపు అధికారిక ట్విటర్ ఖాతా సొంత జనం నెత్తి మీదే బాంబు వేసింది. మనం మావీ మావీ అని మురిసిపోయే మీట్‌బాల్స్ నిజానికి మనవి కావు, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పన్నెండో చార్లెస్ రాజు టర్కీ నుంచి పట్టుకొచ్చినవి, ఉన్నమాట ఒప్పుకుందాం అని దాని సారాంశం. టర్కీ వాళ్లకి ఆ రోజు పండగే. స్వీడన్‌లో కొందరు నవ్వి ఊరుకున్నారు, కొందరు నిజంగానే నొచ్చుకున్నారు.

కథ వినడానికి బాగానే ఉంటుంది. 1709లో పొల్తావా దగ్గర రష్యా రాజు పీటర్ చేతిలో చిత్తుగా ఓడిన చార్లెస్, టర్కీ ఒట్టోమాన్ సుల్తాను రాజ్యంలోకి పారిపోయి ఐదేళ్లు అక్కడే ఉండిపోయాడు, అందులో ఎక్కువకాలం ఇప్పటి మాల్దోవాలో ఉన్న బెందెర్ ఊళ్లో మకాం వేశాడు. పేరుకి అతిథి, తిన్నదంతా అప్పు. తిరిగి వెళ్లినప్పుడు అప్పులవాళ్లు స్వీడన్ దాకా వెంటబడ్డారు. వాళ్లతోపాటు కొన్ని వంటలూ వెళ్లాయంటారు. క్యాబేజీ ఆకులో కైమా, అన్నం పెట్టి చుట్టి వండే కోల్‌డోల్మర్ ఆ దారినే వచ్చిందంటే నమ్మొచ్చు. టర్కీలో చుట్టడానికి వాడే ద్రాక్ష ఆకులు దొరకని చలిదేశంలో క్యాబేజీ ఆ లోటు తీర్చింది. మీట్‌బాల్స్ సంగతి అంత తేలిగ్గా తేలదు. మాంసం నూరి ఉండ చుట్టడం ఒక దేశం దగ్గర మరో దేశం శిష్యరికం చేసి నేర్చుకోవాల్సిన విద్యేమీ కాదు కదా. 1755లో కాయ్సా వార్గ్ అనే ఆవిడ అచ్చువేసిన వంటల పుస్తకం నాటికే ఈ ఉండలు స్వీడన్ వంటిళ్లలో ఉన్నాయి. ఆ పుస్తకాన్ని తరాల తరబడి అక్కడి ఆడవాళ్లు వాడుకున్నారు.

అయినా రాజు తెచ్చాడా లేదా అన్నది నాకు పెద్ద పేచీ కాదు. రాజు తెచ్చినది రాజు పళ్లెంలో ఉంటుంది. ఇంటింటి పళ్లెంలోకి అది ఎలా దిగిందో చెప్పమనండి. కత్తితో మాంసం సన్నగా కొట్టడం, దంచడం పూటంతా పట్టే చాకిరీ. పనివాళ్లున్న ఇళ్లకే అది కుదిరేది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రెండు వస్తువులు వచ్చి ఆ లెక్క మార్చేశాయి. ఒకటి కట్టెలతో మండే ఇనప పొయ్యి. రెండోది చేత్తో తిప్పే కైమా మిషను. 1689లో తుపాకుల కార్ఖానాగా పుట్టి, తర్వాత కుట్టు మిషన్లు, మోటార్ సైకిళ్లు కూడా చేసిన హుస్‌క్వర్నా వాళ్లు పోత ఇనుముతో ఈ కైమా మిషన్లు కూడా తయారుచేశారు. బల్ల అంచుకి మర బిగించి పైనుంచి ముక్కలు వేసి పిడి తిప్పితే, నమిలినా నలగని పీచు మాంసం, అటూ ఇటూ మిగిలిన ముక్కలు మెత్తటి కైమా అయి బయటికి వస్తాయి. చౌక మాంసానికి మర్యాద వచ్చింది. మీట్‌బాల్స్ స్వీడన్ జాతీయ వంట అయిందంటే ఆ ఘనత బెందెర్‌లో అప్పుచేసి తిన్న రాజుకంటే ఆ మిషను పిడి తిప్పిన చేతులకే ఎక్కువ చెందుతుందని నా లెక్క.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లో ఈ వంట చేసేవాళ్లు మొదట తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇది పొదుపు వంటన్న సంగతి మరిచి ‘ఖరీదైన కైమా తెచ్చాం, దాంట్లో బ్రెడ్డు కలిపి పాడుచేయడమేమిటి’ అని చేయి బిగిస్తారు. దాంతో ఉండలు రబ్బరు బంతులవుతాయి.

స్వీడన్‌లో వాడేది గొడ్డు మాంసం, పంది మాంసం కలిపిన కైమా. అక్కడి దుకాణాల్లో రెండూ కలిపే ప్యాకెట్ కట్టి అమ్ముతారు. ఒకటి రుచినిస్తే రెండోది కొవ్వునిస్తుంది. అవి తినని ఇళ్లలో మటన్ కైమాతో చేసుకోవచ్చు. కొట్లో నిలబడి రెండుసార్లు మిషన్లో వేయించి, కొంచెం కొవ్వు ఉంచమని చెప్పాలి. చికెన్ అయితే తొడ మాంసమే అడగండి, రొమ్ము ముక్క కైమా ఎంత జాగ్రత్తగా వండినా పొడిపొడిగానే ఉంటుంది.

అర కిలో కైమాకి నూరు మిల్లీలీటర్ల కొలతతో బ్రెడ్ పొడి, దానికి ఒకటిన్నర రెట్లు పాలు. ముందు బ్రెడ్ పొడి పాలలో వేసి పది నిమిషాలు వదిలేయాలి. ఈ పది నిమిషాల్లోనే వంట సగం అయిపోతుంది. పొడి పాలు పీల్చి గంజిలా చిక్కబడుతుంది. కైమాలో ఉప్పు వేసి పిసికితే మాంసకృత్తులు జిగురుగా బయటికి వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వేడి తగలగానే ఆ పట్టు బిగిసి లోపలి నీటిని పిండేస్తుంది. మధ్యలో ఈ బ్రెడ్ గంజి అడ్డం పడితే పట్టు అంతగా బిగియదు, నీరు లోపలే నిలుస్తుంది. మన కైమా ఉండల కూరలో పుట్నాల పప్పు పొడి వేస్తారే, ఉండ విడిపోకుండా అదీ కాపాడుతుంది, కానీ పొడిగా వేస్తాం కాబట్టి తడి పీల్చుకుని ఉండని గట్టిపరుస్తుంది. పులుసులో ఉడికే ఉండకి ఆ గట్టిదనం కావాలి. పెనం మీద వేగే ఉండకి అక్కర్లేదు.

తర్వాత ఒక గుడ్డు. సన్నగా తరిగి, వెన్నలో రంగు మారకుండా మగ్గబెట్టి చల్లార్చిన ఒక ఉల్లిపాయ. ఉప్పు, తెల్ల మిరియాల పొడి, ఆల్‌స్పైస్ పొడి. ఈ ఆల్‌స్పైస్ కరీబియన్ దీవుల చెట్టు కాయ, చూడ్డానికి లావుపాటి మిరియంలా ఉంటుంది. వాసన చూస్తే లవంగం, జాజికాయ, దాల్చినచెక్క ఒకేచోట కూర్చున్నట్టుంటుంది. దొరక్కపోతే ఆ మూడూ చిటికెలో చిటికె వేసుకోండి. అంతే. అల్లం వెల్లుల్లి ముద్ద సీసా వైపు చేయి వెళ్తుంది, వెనక్కి లాక్కోవాలి. కొత్తిమీర, పచ్చిమిర్చి, గరం మసాలా వేస్తే మంచి కబాబు వస్తుంది. నాకూ ఇష్టమే. కాకపోతే దానిమీద క్రీమ్ సాస్ పోస్తే రెండూ చెడతాయి.

కలిపిన ముద్దని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, చేతులు తడి చేసుకుంటూ ఉసిరికాయంత ఉండలు చుట్టాలి. తడిపిన చెక్కపలక మీద వరసగా పేర్చుకుంటే అంటుకోవు. పెనంలో వెన్న వేసి, నురగ లేచి అణిగాక, గోధుమరంగు తిరిగే వేళకి ఉండలు వేయాలి. ఇరికించకూడదు. ఇరికిస్తే నీరు ఊరి వేగాల్సినవి ఉడుకుతాయి. గరిటెతో తిప్పడం కన్నా పిడి పట్టుకుని పెనాన్నే గుండ్రంగా ఆడించడం స్వీడన్ పద్ధతి. ఉండలు దొర్లుతూ అన్నివైపులా రంగు తేలతాయి, గుండ్రంగానే ఉంటాయి. ఒకటి విరిచి చూడండి. లోపల ఎరుపు ఉండకూడదు, తడి ఉండాలి.

ఉండలు తీసేశాక పెనం అడుగున గోధుమరంగు మరకలు అంటుకుని ఉంటాయి. మాడిందనుకుని సింకులో పెట్టేవాళ్లని చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది. సాస్ అంటే అదే. మిగిలిన కొవ్వులో రెండు చెంచాల మైదా వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, ఎముకలు ఉడికించిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చెక్క గరిటెతో అడుగు గీకాలి. మరకలన్నీ కరిగి నీళ్లకి రంగు, రుచి వస్తాయి. అప్పుడు క్రీమ్. ఇక్కడ మన ఊళ్లలో ఒక చిక్కుంది. స్వీడన్ వాళ్ల చిక్కటి క్రీమ్‌లో కొవ్వు 40 శాతం దాకా ఉంటుంది, ఎంత మరిగినా విరగదు. మన దగ్గర ప్యాకెట్లో వచ్చే ఫ్రెష్ క్రీమ్‌లో 25 శాతమే. అందుకే మైదా మానొద్దు, క్రీమ్ పోశాక మంట తగ్గించండి, కుతకుత మరగనివ్వొద్దు. పాల మీద కట్టే మీగడ ఉంది కదా అని వేస్తే తెట్టెలు తెట్టెలుగా తేలుతుంది. చివర్లో ఒక చెంచా సోయా సాస్, రంగుకీ ఉప్పదనానికీ. చైనా వాళ్ల సోయా స్వీడన్ గ్రేవీలో ఏమిటని ఆశ్చర్యపోకండి, అక్కడది మామూలు ఇంటి సరుకు.

2020 ఏప్రిల్‌లో, లోకమంతా తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు, ఐకియా తన మీట్‌బాల్స్ వంటకాన్ని ఇంట్లో చేసుకునేలా బయటపెట్టింది. కుర్చీ బిగించుకోవడానికి ఇచ్చే బొమ్మల కాగితం తరహాలోనే. అందులో ఒక వెల్లుల్లి రెబ్బ ఉంది, సాస్‌లో ఆవాల ముద్ద ఉంది, వేయించాక ఓవెన్‌లో అరగంట పెట్టమని ఉంది. తప్పేం కాదు. ముప్పావు కిలో మాంసానికి నూరు గ్రాముల బ్రెడ్ పొడి కూడా అందులో ఉందని మాత్రం గుర్తుచేస్తున్నాను, బ్రెడ్డు పేరెత్తితే చేయి బిగించేవాళ్ల కోసం.

తెలుగువాళ్లలో చాలామందికి ఈ వంట పరిచయం కూడా ఐకియా పుణ్యమే. బల్లలు, బీరువాలు అమ్మే ఆ కంపెనీ తన రెస్టారెంట్లలో మీట్‌బాల్స్ పెట్టడం 1985లో మొదలైంది, తయారుచేసింది సెవరిన్ షోస్టెట్ అనే షెఫ్. 2018 ఆగస్టు 9న హైదరాబాద్ హైటెక్ సిటీలో దేశంలోనే తొలి ఐకియా దుకాణం తెరిచినప్పుడు లోపల వెయ్యి కుర్చీల రెస్టారెంటు పెట్టారు. గొడ్డు మాంసం, పంది మాంసం లేకుండా చికెన్‌తో ఒక రకం, కూరగాయలతో ఒక రకం ఉండలు చేశారు. పక్కనే బిర్యానీ, సమోసా. తిన్నవాళ్లలో సగం మంది తీర్పు ఒక్కటే: చప్పగా ఏడ్చింది. తీర్పు చెప్పి బిర్యానీ వరసలోకి వెళ్లారు.

ఆ తీర్పు మీద నాకు అభ్యంతరం ఉంది. ముద్దపప్పు చప్పగా ఉందని మనం ఎవరమైనా తిడతామా? పక్కన ఆవకాయ ఉంది కాబట్టి తిట్టం. స్వీడన్ పళ్లెంలో ఆ పని లింగన్‌బెర్రీది. అడవుల్లో నేలబారుగా పెరిగే మొక్క, ఎర్రటి చిన్న కాయ, పులుపు, వెనకాల కొంచెం చేదు. అక్కడి అడవులు ఎవరివైనా సరే, మామూలు మనిషి లోపలికి వెళ్లి కాయలు కోసుకోవడానికి హక్కుంది. పొయ్యి మీద పెట్టకుండానే చక్కెర వేసి కలిపి నిలవ చేస్తారు. ఆ కాయలో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉంది, అందుకే తొందరగా పాడవదు. ఇంకో వైపు దోసకాయ ఊరగాయ: కీరా పల్చగా చెక్కి, ఉప్పు చల్లి, బరువు పెట్టి నీరు పిండి, వెనిగర్‌లో చక్కెర వేసి నానబెడతారు. మధ్యలో బంగాళాదుంప ముద్ద. ఉండ ముక్క, దుంప, కాస్త సాస్, దానిమీద నాలుగు లింగన్ కాయలు ఒకే ఫోర్కు మీద ఎక్కిస్తేనే ఆ వంట తిన్నట్టు. కాయల్ని స్వీటనుకుని పక్కకి నెట్టి ఉత్త ఉండల్ని సాస్‌లో ముంచుకు తింటే చప్పగా ఉండక ఏమవుతుంది?

లింగన్‌బెర్రీ సీసా ఖరీదే. అదే పని చేసే కాయ మన దగ్గరే ఉంది, వాక్కాయ. వానాకాలం మొదట్లో బండ్ల మీదకి వస్తుంది, మనం పప్పులో వేసి ఊరుకుంటాం. దీని పులుపులో కూడా కొద్దిగా వగరు ఉంది, రంగూ ఇంచుమించు అదే. బేకరీల్లో కేకు మీద చెర్రీ అని పెట్టేది చాలాచోట్ల రంగు వేసి పాకం పట్టిన వాక్కాయే. పండినవి ఏరి, చీల్చి గింజలు తీసి, జిగురు పోయేదాకా కడిగి, బరువుకి ముప్పావు వంతు చక్కెరతో పది నిమిషాలు ఉడికిస్తే చాలు. జామ్‌లా గట్టిపడనివ్వొద్దు, కాయ కాయగానే కనపడాలి. లింగన్‌లా దీన్ని పచ్చిగా కలిపి బయట పెట్టేస్తే మాత్రం నిలవ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టండి.

పిల్లలున్న ఇంట్లో ఈ హంగులేవీ అక్కర్లేదు. స్వీడన్‌లోనూ పిల్లలు తినేది మీట్‌బాల్స్‌తో మాకరోనీ, పైన ధారాళంగా కెచప్. అక్కడి బళ్లలో పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం, ఆ భోజనాల్లో ఈ ఉండలకి ఎప్పుడూ గిరాకీయే. క్రిస్మస్ విందులో అయితే సాస్ లేకుండా పొడిగా పెడతారు.

సాస్‌లో అన్నీ ఒకేసారి గుమ్మరించకుండా ఓ డజను ఉండలు విడిగా దాచండి. మర్నాడు పొద్దున బీట్‌రూట్ ఉడికించి సన్నగా తరిగి, కొంచెం వెనిగర్, మయొనైజ్ కలిపి, వెన్న రాసిన బ్రెడ్డు మీద దట్టంగా పరిచి, చల్లటి ఉండల్ని సగానికి కోసి పైన పేర్చాలి. స్టాక్‌హోమ్‌లో ఏ కాఫీ దుకాణంలోనైనా గాజు బీరువాలో ఇది కనిపిస్తుంది. ఈ బ్రెడ్డు ముక్క కోసమే ముందురోజు వంటంతా చేసేవాళ్లున్నారు. దాచేటప్పుడు డబ్బా ఫ్రిజ్‌లో వెనక అరలో పెట్టండి, ముందు పెడితే పొద్దుటికి ఉండదు.