బంతి కొనిస్తే సరా... క్లబ్బు కావొద్దూ!

2025 జులై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మయిలో మన అమ్మాయిలు ఓ ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిచారు. ఎదుటివాళ్లు సాక్షాత్తూ ఆతిథ్య జట్టే. స్కోరు 2-1. మన రెండు గోల్సూ కొట్టింది బెంగాల్ అమ్మాయి సంగీతా బాస్‌ఫోర్. దాంతో 2026 ఆసియా కప్‌కి మన మహిళల జట్టు అర్హత సంపాదించింది. క్వాలిఫయింగ్ పోటీలు ఆడి, గెలిచి అలా వెళ్లడం మనకిదే మొదటిసారి. అదే సమయంలో ఎడ్జ్‌బాస్టన్‌లో మనవాళ్ల క్రికెట్ టెస్టు జరుగుతోంది కదా, మా ఇంట్లో మగవాళ్లెవరికీ ఈ సంగతే తెలీదు. నేను చెప్తే, "అమ్మాయిలకి ఫుట్‌బాల్ జట్టు కూడా ఉందా?" అని అడిగాడు మా మరిది!

ఉందండీ. అదొక్కటే కాదు. ఆ ఆగస్టులో అండర్-20 అమ్మాయిలు యాంగాన్ వెళ్లి మయన్మార్‌ని 1-0తో ఓడించారు. అక్టోబరులో అండర్-17 వాళ్లు బిష్కెక్‌లో ఉజ్బెకిస్తాన్‌ని 2-1తో ఓడించారు. ఆ రెండు జట్లూ కూడా తమ తమ ఆసియా కప్‌లకి అర్హత తెచ్చుకున్నాయి. ఒక్క ఏడాదిలో మూడు జట్లు!

చప్పట్లు కొట్టాల్సిందే. కానీ చప్పట్లయ్యాక నాకో సందేహం. ఈ పిల్లల్ని పెంచిందెవరు? అమ్మానాన్నలు సరే. బంతి కాలికి అలవాటు చేసిందెవరు, ఎనిమిదేళ్లప్పుడు ఎక్కడాడారు, పద్నాలుగేళ్లప్పుడు ఎవరితో ఆడారు? ఫుట్‌బాల్‌లో అసలు సంగతంతా అక్కడే ఉంది.

శిబిరం వేరు, క్లబ్బు వేరు

2022 అక్టోబరు గుర్తు తెచ్చుకోండి. అండర్-17 మహిళల ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. ఆతిథ్యం మనది కాబట్టి మన జట్టుకి నేరుగా చోటు దొరికింది. భువనేశ్వర్‌లో మూడు మ్యాచ్‌లాడాం. అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5. ఒక్క గోలూ కొట్టలేదు. మన పిల్లలు నెలల తరబడి శిబిరంలో ఉండి, విదేశీ కోచ్ దగ్గర నేర్చుకుని, యూరప్ కూడా వెళ్లొచ్చి ఆడారు. అయినా అంతే.

పిల్లలది తప్పంటే నేనొప్పుకోను. అమెరికా అమ్మాయి ఆరేడేళ్లకే ఏదో ఒక క్లబ్బులో చేరుతుంది. వారం వారం మ్యాచ్ ఆడుతుంది. పదహారేళ్లు వచ్చేసరికి ఆమె కొన్ని వందల మ్యాచ్‌లు ఆడి ఉంటుంది, ఓడి ఉంటుంది, ఏడ్చి ఉంటుంది, మళ్లీ వారం మళ్లీ ఆడి ఉంటుంది. మన పిల్లకి? స్కూలు పోటీలు, జిల్లా పోటీలు, రాష్ట్ర జట్టు ఎంపిక, ఆ తర్వాత శిబిరం. శిబిరంలో ఒళ్లు గట్టిపడుతుంది, తిండి బావుంటుంది, క్రమశిక్షణ వస్తుంది. కానీ బంతి వస్తుండగానే ఎటు తిరగాలో, ఎవరికివ్వాలో అరక్షణంలో తోచడం ఉంది చూశారూ, అది మ్యాచ్‌లు ఆడీ ఆడీ రావాల్సిందే. పరీక్ష ముందు నెల రోజుల ట్యూషన్ పెట్టించి పదేళ్ల చదువు వచ్చేయాలంటే వస్తుందా?

ఆ జట్టు కెప్టెన్ అస్తం ఉరావ్‌ది జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా. ప్రపంచకప్ పుణ్యమా అని వాళ్ల ఊరికి రోడ్డు వేయించింది ప్రభుత్వం. మ్యాచ్ చూడమని ఇంటికి టీవీ కూడా ఇచ్చారు. అయితే ఆ రోడ్డు పనిలో దినకూలీలుగా మట్టి మోసింది ఎవరనుకున్నారు? అస్తం అమ్మానాన్నలే. అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. కూతురు దేశానికి కెప్టెన్. తల్లి తలమీద తట్ట. నాకు ఆ ఎనిమిది గోల్స్ కంటే ఇదే ఎక్కువ కలుక్కుమంది.

రహీం సాబ్ ఏం చేశారు?

కోచింగంటే ఏమిటో మన హైదరాబాద్‌కి ఇంకొకరు చెప్పక్కర్లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్ను మూసేదాకా భారత జట్టుకీ, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకీ ఆయనే కోచ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి చలవే. సిటీ పోలీస్ జట్టయితే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

సినిమాలో పతకాలు కనబడతాయి. నాకు మాత్రం ఆయన పిల్లలకి పెట్టిన పోటీలు ముచ్చటగా అనిపిస్తాయి. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కడే పరుగెత్తకూడదు, రాగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి - అలా ఓ టోర్నమెంటు. వాటంలేని కాలితోనే తన్నాలని ఇంకోటి. పొట్టి పిల్లలకి విడిగా ఒకటి. పొట్టివాళ్లని పొడుగువాళ్లతో కలిపితే బంతి ఎవరి దగ్గరుంటుందో మనకి తెలీదూ! ఆట రాక కాదు, ఒళ్లు ఎదగక వెనకబడే పిల్లల్ని ఆయన అలా కాపాడుకున్నాడన్నమాట. ఇప్పుడు యూరప్ క్లబ్బులు వయసుని బట్టి కాకుండా ఎదుగుదలని బట్టి పిల్లల్ని విడదీసి ఆడిస్తున్నాయి. మన పంతులుగారు డెబ్భై ఏళ్ల కిందటే చేశాడు.

సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం చేతిలో డబ్బుల్లేక మైదానానికి రాలేకపోతే, సైకిల్ అద్దెకి డబ్బులిచ్చి రప్పించింది రహీమే. ఆ కుర్రాడు 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. 2023లో పోయేదాకా బలరాం ఆ సంగతి చెప్పుకుంటూనే ఉన్నారు. కోచింగ్‌లో సైకిల్ అద్దె కూడా ఒక భాగమే.

మరి రహీంకి ఇదంతా ఎలా సాగింది? వెనక సిటీ పోలీస్ ఉంది. ఆడేవాడికి ఉద్యోగం, జీతం, జట్టు, ఏడాది పొడుగునా మ్యాచ్‌లు. అదీ క్లబ్బంటే. అలాంటి నీడ ఆ రోజుల్లో ఆడపిల్లకి దొరకలేదు. ఇప్పుడు దొరికిందా అంటే... సగం సగం.

నిజామాబాద్ పిల్ల

గుగులోతు సౌమ్య పేరు మీరు వినే ఉంటారు. వినకపోతే వినండి. నిజామాబాద్ జిల్లా లంబాడా కుటుంబంలో పుట్టింది. మొదట పరుగుపందేల పిల్ల. ఆ పరుగు చూసి, బంతి ఆడించి చూద్దామనుకున్న కోచ్ ఒకాయన స్థానికంగా ఉండబట్టి ఫుట్‌బాల్‌కి వచ్చింది. తర్వాత ముంబైలో కెంక్రే, కేరళలో గోకులం, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్, ఆపైన కోల్‌కతా ఈస్ట్ బెంగాల్. ఆ క్లబ్బు 2024-25లో ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణి మన సౌమ్యే.

ఈ వరసలో హైదరాబాద్ ఎక్కడుంది చెప్పండి? లేదు కదూ! మన పిల్లకి కోచ్ ఊళ్లో దొరికాడు గానీ, క్లబ్బు కోసం ముంబై, కేరళ, కోల్‌కతా తిరగాల్సొచ్చింది. ధైర్యమున్న పిల్ల కాబట్టి, పంపే అమ్మానాన్నలు ఉండబట్టి వెళ్లింది. వెళ్లలేక ఆగిపోయినవాళ్ల లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఆ మాటకొస్తే మగపిల్లల సంగతీ అంతంతమాత్రమే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఆ పసుపు జెర్సీ వేసుకోవాలని కలగన్న పిల్లలు ఇప్పుడేం చెయ్యాలి? క్లబ్బంటే దుకాణం కాదు, ఇక్కడ బేరం లేదని షట్టరు దించి ఇంకో బజారుకి పోడానికి.

ఒక్క బంతి, నలభైమంది

మా అక్కగారమ్మాయికి పన్నెండేళ్లు. దానికి ఫుట్‌బాలంటే ప్రాణం. మా కాలనీకి దగ్గర్లో ఉన్న ఓ అకాడమీలో చేర్చాం. పేరు ముందు 'ఇంటర్నేషనల్' ఉంది, ఫీజు కూడా దానికి తగ్గట్టే ఉంది. దింపడానికి నేనే వెళ్లేదాన్ని, అక్కడే గట్టుమీద కూచునేదాన్ని. నెల రోజులు చూశాను. వచ్చీరాగానే మైదానం చుట్టూ అయిదు రౌండ్లు. తర్వాత వరసలో నిలబడటం. ఒక్కో పిల్ల వంతు వచ్చేసరికి నాలుగైదు నిమిషాలు. గంటలో దాని కాలు బంతికి తగిలింది పట్టుమని ఇరవైసార్లు లేదు. చివర్లో పెద్ద మైదానంలో మ్యాచ్, అరుపులు. "పిన్నీ, నన్నెప్పుడూ గోల్‌లోనే నిలబెడుతున్నారు" అంది ఓరోజు. ఎందుకమ్మా అంటే "ఆడపిల్లని కదా, తగుల్తుందని." గోల్‌లో నిలబడితేనేగా బంతి వచ్చి మొహానికి తగిలేది! ఆ కోచ్‌కి ఏ లైసెన్సు ఉందో అడిగితే నవ్వేసి ఊరుకున్నారు.

పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఇవ్వాల్సింది ఏమిటో ఇవాళ ప్రపంచంలో పెద్దగా తగాదా లేదు. చిన్న మైదానం, నలుగురూ నలుగురూ, ఐదుగురూ ఐదుగురూ ఆట, ఎక్కువసార్లు బంతి తాకడం. స్థానాలు మారుస్తూ ఉండటం. గెలుపు లెక్క తర్వాత. నార్వేలో పదకొండేళ్లలోపు పిల్లల పోటీలకి పాయింట్ల పట్టికే పెట్టకూడదని క్రీడా సమాఖ్య నియమం. అలాగైతే పిల్లలకి పట్టుదల రాదేమో అంటారా? ఆ దేశపు ఆడవాళ్లే 1995లో ప్రపంచకప్, 2000లో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. మన సమాఖ్య కూడా 2018లో బేబీ లీగ్‌లు మొదలెట్టింది. అందులో అమ్మాయిలు, అబ్బాయిలు కలిసి ఆడొచ్చు. మంచి పథకం. మన ఊళ్లలో ఎక్కడ జరుగుతోందో వెతుక్కోవాలి, అంతే.

పదమూడు దాటాక కష్టం ఇంకో రకం. అబ్బాయిల బ్యాచ్ నిండుగా ఉంటుంది. అమ్మాయిలు ఇద్దరో ముగ్గురో మిగుల్తారు. బ్యాచ్ నడపలేం అంటారు నిర్వాహకులు. ప్రాక్టీసు తెల్లారుజామునే, చీకట్లో ఎవరు దింపాలి? మైదానంలో బాత్రూం ఉండదు. నెలసరి రోజుల్లో ఏం చెప్పి మానాలో, మానకుండా ఎలా ఆడాలో మగ కోచ్‌తో మాట్లాడలేక పిల్ల మెల్లిగా రావడం మానేస్తుంది. 'ఆసక్తి తగ్గింది' అని రాసుకుంటారు వాళ్లు!

ఎదిగే అమ్మాయిల మోకాళ్ల సంగతి కూడా తల్లులు తెలుసుకోవాలి. మోకాలి లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకి రెండు మూడింతలు ఎక్కువ. తెగితే ఆపరేషను, ఇంచుమించు ఏడాది ఆట బంద్. దీన్ని తగ్గించడానికే ఫిఫా 'లెవెన్ ప్లస్' అని ఇరవై నిమిషాల వార్మప్ తయారుచేసింది. పైసా ఖర్చు లేదు. కోచ్‌కి తెలిసి ఉండాలి, రోజూ చేయించాలి. ఐదు రౌండ్లు తిప్పినంత తేలిక కాదు మరి.

నమ్మకం మాటేమిటి?

ఇది రాయకుండా ఉండలేను. 2022లో అండర్-17 జట్టు యూరప్ వెళ్లినప్పుడు సహాయ కోచ్ ఒకరిపై లైంగిక వేధింపుల ఆరోపణ వచ్చింది. సమాఖ్య ఆయన్ని తొలగించింది, పోక్సో కేసు నడిచింది. 2024లో గోవాలో లీగ్ ఆడటానికి వెళ్లిన క్లబ్బు అమ్మాయిలు సమాఖ్య సభ్యుడొకరు తమ గదికి వచ్చి కొట్టాడని ఫిర్యాదు చేశారు. ఇలాంటివి చదివాక ఏ తల్లి పంపుతుంది? 'మానిపించేస్తాం' అనేది ఇళ్లల్లో తేలిగ్గా వచ్చే మాట. అలా మానిపిస్తే శిక్ష పడేది ఎవరికి? జట్టు వెంట ఓ ఆడమనిషి ఉండాలని, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో పిల్లలకి ముందే తెలిసి ఉండాలని పట్టుపట్టడం మన పని.

రాంచీ దగ్గర పల్లెల్లో 2009 నుంచి పనిచేస్తున్న 'యువా' సంస్థ దీనికో దారి చూపించింది. అక్కడ ఆడి పెద్దైన అమ్మాయిలే చిన్నవాళ్లకి కోచ్‌లు. 2013లో ఆ పిల్లలు స్పెయిన్‌లో గాస్టెయిజ్ కప్ ఆడి మూడో స్థానంలో నిలిచారు. పాస్‌పోర్టు కోసం పుట్టినరోజు పత్రాలడిగితే పంచాయతీ ఆఫీసులో తమని చెంపదెబ్బలు కొట్టి నేల ఊడిపించారని అప్పట్లో వాళ్లు చెప్పారు. మన అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు, అదే ఆర్డీటీ, నడిపే క్రీడాగ్రామంలో కూడా పల్లె ఆడపిల్లలు బంతి ఆడుతున్నారు. ఈ రెండూ లాభం కోసం పెట్టినవి కావు, గమనించారా?

లాభం చూసుకుంటే ఆడపిల్లల జట్టు ముందు మూతపడుతుంది. 2023లో సమాఖ్య వేసిన జరిమానా భారమైందంటూ కేరళ బ్లాస్టర్స్ తాత్కాలికంగా ఆపేసింది మహిళల జట్టునే. ఇంకో తిరకాసు కూడా ఉంది. చిన్నప్పటి నుంచి తయారుచేసిన కుర్రాణ్ణి పెద్ద క్లబ్బు తీసుకుపోతే, తయారుచేసిన క్లబ్బుకి శిక్షణ పరిహారం ఇవ్వాలని ఫిఫా నిబంధన. ఆ పరిహారం మహిళల ఫుట్‌బాల్‌కి వర్తించదని అదే పుస్తకంలో రాసుంది. ఆడవాళ్ల క్లబ్బుల దగ్గర డబ్బు లేదు, ఆ భారం కూడా పెడితే ఆటగత్తెల్ని తీసుకోరని వాళ్ల వాదన. నిజమే కావచ్చు. కానీ ఓ చిన్న క్లబ్బువాడు కూచుని లెక్కేసుకుంటే, అమ్మాయిల బ్యాచ్ నడపడానికి వాడికి కనబడే కారణం ఏమిటి?

మా పిల్లని ఆ అకాడమీ మానిపించాం. ఇప్పుడు ఇంకోచోటుకి వెళ్తోంది, రెండు బస్సులు మారి. కోచ్ ఒకప్పుడు రాష్ట్రానికి ఆడినావిడే. ఫీజు సగం. మైదానంలో గడ్డి లేదు గానీ పిల్లకో బంతి ఉంది. మీరూ వెతికేటప్పుడు ముందు ఫీజు కౌంటరు దగ్గరికి వెళ్లకండి. ఓ సాయంత్రం గట్టుమీద కూచుని, పిల్లలెందరో, బంతులెన్నో లెక్కపెట్టుకోండి. అమ్మాయిలెందరో కూడా.