సముద్రం లేని చోటు నుంచి సబ్‌మెరైన్‌కు మెసేజ్

నల్లగొండోళ్లకు సముద్రం అంటే సాగరే. పాలమూరోళ్లకు జూరాల. మరి మనకు సబ్‌మెరైన్ల ముచ్చట ఎందుకంటారా? మన పక్కనే, పాత పాలమూరు నుంచి కొడంగల్ వెళ్లి కలిసిన వికారాబాద్ జిల్లాలో, దామగుండం అడవిలో నేవీ ఒక రేడియో కేంద్రం కడుతోంది. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన కూడా అయిపోయింది.

ఇది అర్థం కావాలంటే ముందు రష్యా వైపు చూడాలి. 1955 సెప్టెంబర్ 16న సోవియట్ యూనియన్ తెల్ల సముద్రంలో బి-67 అనే సబ్‌మెరైన్ నుంచి బాలిస్టిక్ క్షిపణిని వదిలింది. ప్రపంచంలో అదే మొదటిది. కాకపోతే అప్పుడు సబ్‌మెరైన్ నీళ్లపైకి తేలాల్సి వచ్చేది, క్షిపణి వెళ్లేది కూడా 150 కిలోమీటర్లే. అక్కడి నుంచి 1991 ఆగస్టుకు రండి. నోవోమోస్కోవ్‌స్క్ అనే సబ్‌మెరైన్ నీళ్లలో మునిగి ఉండగానే 16 క్షిపణులను నాలుగు నిమిషాల్లోపే వరసపెట్టి వదిలింది. పరీక్షే లెండి, యుద్ధం కాదు. తర్వాత ఐదు నెలలు తిరక్కుండానే ఆ దేశమే లేకుండా పోయింది!

దాక్కున్న సబ్‌మెరైన్‌ను శత్రువు కనిపెట్టలేడు. దేశం మీద అణుబాంబు పడినా అది తిరిగి కొట్టగలదు. 'ముందుగా అణ్వాయుధం వాడం' అని చెప్పుకున్న మన దేశానికి అందుకే ఇవి కావాలి. విశాఖలో తయారైన అరిహంత్, అరిఘాత్ అలాంటివే. 2024 నవంబర్‌లో అరిఘాత్ నుంచి పరీక్షించిన కె-4 క్షిపణి 3,500 కిలోమీటర్లు వెళ్తుంది.

సరే, ప్రయోగించమని నీళ్ల కింద ఉన్నవాళ్లకు చెప్పేదెట్లా? లిఫ్టులోకి వెళ్తేనే మన ఫోన్ సిగ్నల్ పోతుంది. ఉప్పునీళ్లు ఇంకా మొండివి, మామూలు రేడియో తరంగాలను మింగేస్తాయి. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే వీఎల్ఎఫ్ తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతు దాకా దిగుతాయి. ఒక్కో తరంగం పొడవు పది కిలోమీటర్ల పైమాటే. అందుకే అంత పెద్ద యాంటెన్నాలు, అంత పెద్ద జాగా. స్పీడ్ మాత్రం అడక్కండి, సెకనుకు కొన్ని వందల బిట్లు. మీరు వాట్సాప్‌లో పంపే ఒక్క ఫొటో దిగడానికి గంటలు పడుతుంది. పైగా సబ్‌మెరైన్ వినడమే తప్ప ఆ దారిలో జవాబివ్వలేదు.

సోవియట్‌లు దీనికోసం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలోని 'గోలియత్' ట్రాన్స్‌మిటర్‌నే ఊడదీసి తెచ్చుకున్నారు. మన దేశంలో 1990 నుంచి తమిళనాడు తిరునెల్వేలి దగ్గర ఒకటి పనిచేస్తోంది. దామగుండంది రెండోది.

దీనికి ఇచ్చింది దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి. ఆ పక్కనున్న అనంతగిరి కొండల్లోనే మూసీ పుడుతుంది. అడవి పోతే మూసీకి నీళ్లు తగ్గుతాయన్నది వ్యతిరేకించేవాళ్ల వాదన. రేడియేషన్ భయం కన్నా నాకు ఈ ప్రశ్నే గట్టిదనిపిస్తుంది. దేశ రక్షణ వద్దనేవాళ్లు ఊళ్లల్ల ఎవరూ లేరు. ఎన్ని చెట్లు కొడుతున్నారు, ఎక్కడెక్కడ కొడుతున్నారు, వాన నీళ్లు ఎటు పోతాయి? ఇవి రక్షణ రహస్యాలు కావు కదా! గుట్ట మీద పడిన చినుకు హైదరాబాద్ మురికంతా మోసుకుంటూ భువనగిరి, సూర్యాపేట దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారి పొడవునా దాని మీద వరి పండించేది మనోళ్లే. జవాబు వాళ్లకూ రావాలి.