భార్య రక్తపరీక్షతో భర్త బాధ్యత తీరదు

గర్భిణిగా పేరు నమోదు చేయించుకున్న స్త్రీకి ప్రభుత్వ ఆసుపత్రిలో తొలి నెలల్లోనే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. తల్లి నుంచి బిడ్డకు వ్యాధి సోకకుండా కాపాడే ఈ ఏర్పాటు ఎంతో విలువైనదే. అయితే కుటుంబంలోకి వ్యాధి ఎవరి ద్వారా ప్రవేశించినా అది మొదట బయటపడేది భార్య నెత్తురులోనే కావడం వల్ల, నింద కూడా మొదట ఆమె మీదే పడుతున్నది. భర్తను పరీక్షకు పిలవడం తరువాత చూసుకునే పనిగా వాయిదా పడుతూ పోతున్నది. ఈ వరస మారాలి. భార్య పేరు నమోదైన రోజునే, సమ్మతి తీసుకుని, భర్తకు కూడా పరీక్ష చేసే పద్ధతి బేతంచెర్ల వంటి ఊళ్లలో నియమంగా స్థిరపడాలి.

నాపరాళ్లకు పేరుపడిన ఈ పట్టణంలో గనుల్లో రాయి తీసేవారు, పాలిష్ ఫ్యాక్టరీల కార్మికులు, హమాలీలు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు వేకువ నుంచి పొద్దుగూకే దాకా పనిలోనో, రోజుల తరబడి దారిలోనో ఉంటారు. ఉమ్మడి కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయే కుటుంబాల స్థితి కూడా దాదాపు ఇదే. ఇది ఏ ఊరి మీదా, ఏ వృత్తి మీదా మచ్చ వేసే మాట కాదు. లైంగికంగా హెచ్‌ఐవీ సోకేది రక్షణ లేని సంపర్కం వల్లనే తప్ప చేసే పని వల్ల కాదు. కాని ఆసుపత్రి తెరిచే వేళ, కూలి దొరికే వేళ ఒకటే అయినప్పుడు పురుషుడు వైద్యానికి దూరం కావడం సహజం. జాతీయ అంచనాల ప్రకారం 2021లో 15–49 ఏళ్ల వారిలో హెచ్‌ఐవీ వ్యాప్తి దేశంలో 0.21 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం ఉన్నది కనుక, ఈ దూరాన్ని చిన్న విషయంగా తీసిపారేయడానికి వీలులేదు.

లైంగికంగా సంక్రమించే వ్యాధులను, అంటే జనం సుఖవ్యాధులని పిలిచే సెగ, సవాయి మొదలైన వాటిని, పురుషులు గుర్తించే తీరులోనే సగం ప్రమాదం ఉన్నది. మూత్రంలో మంట పుడితే వేడి చేసిందని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగి, తగ్గకపోతే మందుల షాపులో నాలుగు మాత్రలు కొని మింగేవారే ఎక్కువ. సవాయి, అనగా సిఫిలిస్, తొలిదశలో నొప్పి లేని పుండుగా కనిపించి, వైద్యం లేకపోయినా కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది. పుండు మానింది కాబట్టి రోగం పోయిందని పురుషుడు నమ్ముతాడు, రోగం మాత్రం శరీరంలోనే నిలిచి భార్యకు, ఆమె ద్వారా కడుపులోని బిడ్డకు చేరి, గర్భస్రావానికో మృతశిశు జననానికో కారణమవుతుంది. తొలిదశలో ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షనుతో నయమయ్యే వ్యాధికి ఇంత మూల్యం చెల్లించవలసిరావడం దుర్భరం. పైగా ఇటువంటి పుండ్లు, వాపులు ఉన్నవారికి హెచ్‌ఐవీ మరింత సులభంగా సోకుతుంది. భార్యకు మాత్రమే మందులిచ్చి భర్తను వదిలేస్తే నయమైన వ్యాధి ఆమెకు తిరిగి అంటుకుంటుంది కాబట్టి, దంపతులిద్దరికీ ఒకేసారి చికిత్స చేయనిదే అది చికిత్స అనిపించుకోదు.

కండోమ్ సంగతి మరింత లోతైనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. పురుషుల ఆపరేషన్ గాని, కండోమ్ గాని ఒక్కొక్కటి ఒక్క శాతమైనా లేవు. ఇద్దరు పిల్లలు పుట్టి ఆపరేషన్ అయిపోయిన ఇంట్లో కండోమ్‌కు కారణమే మిగలదు. ఆ తరువాత భార్య దానిని అడిగితే అది భర్త నడతను అనుమానించడమే అవుతుంది, భర్త తానుగా తెస్తే నేరం ఒప్పుకున్నట్లవుతుంది. గర్భం రాకుండా చూసే భారాన్ని స్త్రీ శరీరం మీద మోపిన విధానమే, ఉద్దేశపూర్వకంగా కాకపోయినా, ఆమె రక్షణ కవచాన్ని కూడా తీసివేసింది.

పురుషులను ఉద్దేశించి మాట్లాడటం ఈ నేలకు కొత్త కాదు. 2000 దశకం తొలి సంవత్సరాల్లో ఉమ్మడి రాష్ట్రమంతటా పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని అడిగిన ప్రకటనలు, మగతనాన్ని రక్షణగా భావించుకునే పురుషుడినే సూటిగా ప్రశ్నించాయి. 2003లో మొదలైన గేట్స్ ఫౌండేషన్ వారి అవాహన్ కార్యక్రమం జాతీయ రహదారుల వెంట లారీ డ్రైవర్ల కోసం క్లినిక్కులు నడిపింది. ప్రకటన మరపున పడవచ్చు గాని, రోగి ఉన్నచోటికి వైద్యం వెళ్లాలన్న ఆ ఆలోచన మరపున పడకూడదు.

నిర్బంధ పరీక్షలు పెట్టాలనే వాదన ఇటువంటి సందర్భాల్లో తప్పక వినిపిస్తుంది, దానిని తిరస్కరించాలి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం సమ్మతి లేని పరీక్షను సాధారణంగా అనుమతించదు, గోప్యతను హక్కుగా గుర్తిస్తుంది. తన స్థితిని జీవిత భాగస్వామికి తెలియజేస్తే హింసకో, ఇంటి నుంచి గెంటివేతకో గురయ్యే భయం ఉన్నవారికి, ముఖ్యంగా స్త్రీలకు, ప్రత్యేక రక్షణ ఇస్తుంది. బెదిరింపుతో పరీక్షకు వచ్చినవాడు మందులకు రాడు. మందులే అసలు రక్షణ: వైరస్‌ను అణచిపెట్టే ఏఆర్‌టీ చికిత్సను త్వరగా ప్రారంభిస్తే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో వెలువడిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయన ఫలితాలు చూపాయి. ఈ చికిత్స ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితం. 1097 నంబరుకు ఫోన్ చేస్తే సలహా కూడా ఉచితమే.

ఇంతకూ ఈ మాటలు పురుషుడికి చెప్పేదెవరన్నది మిగిలిన ప్రశ్న. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు స్త్రీలే కాబట్టి, గని కార్మికుడు తన పుండు గురించి వారితో చెప్పడు, వారూ అడగలేరు. బేతంచెర్ల ఆసుపత్రిలో పురుష కౌన్సెలర్‌ను నియమించి, వారానికి రెండు రోజులైనా రాత్రి తొమ్మిది దాకా పరీక్ష గదిని తెరిచి ఉంచి, పాలిష్ ఫ్యాక్టరీల దగ్గరికీ లారీలు ఆగే చోటికీ నెలకొకసారి సంచార బృందాన్ని పంపడానికి జిల్లా వైద్య ఆరోగ్యశాఖ వెంటనే ఉత్తర్వులివ్వాలి. పరీక్షకు వెళ్లే కార్మికుడికి ఆ పూట కూలి కోయబోమని యజమానుల సంఘాలు బహిరంగంగా ప్రకటించాలి.