ఫీల్డ్స్ పతకానికి నలభయ్యేళ్ల గీత ఎందుకు?

అంతర్జాతీయ గణిత సమాఖ్య అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

2010 ఆగస్టులో మీ మహాసభ మా హైదరాబాద్‌లో జరిగింది. లిండెన్‌స్ట్రాస్, ఎన్గో బావో చౌ, స్మిర్నోవ్, విల్లానీ ఫీల్డ్స్ పతకాలు అందుకున్నది ఇక్కడే. గణితజ్ఞుడు చెర్న్ పేరిట పెట్టిన పతకం తొలిసారి 85 ఏళ్ల లూయీ నైరెన్‌బర్గ్‌కి దక్కిందీ ఇక్కడే. ఆ చనువుతో అడుగుతున్నాను. ఫీల్డ్స్ పతకానికి ఉన్న వయసు నిబంధనను మార్చండి.

మహాసభ జరిగే ఏడాది జనవరి 1కి ముందే 40 నిండితే అర్హత పోతుంది. మహాసభ నాలుగేళ్లకోసారి. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో 2026 ఫిలడెల్ఫియా మహాసభనే తీసుకుని చూడండి. 1986 జనవరి 1న పుట్టినవారికి అర్హత ఉంది. ఒక్క రోజు ముందు, 1985 డిసెంబర్ 31న పుట్టినవారికి 2022తోనే, అంటే 36 ఏళ్లకే అవకాశం అయిపోయింది. ఆ తర్వాత 37, 38, 39 ఏళ్లలో వాళ్లు ఎంత గొప్ప సిద్ధాంతం నిరూపించినా మీ లెక్కలోకి రాదు. కొలతలో ఇంత పొరపాటును గణితజ్ఞులు ఇంకెక్కడా ఒప్పుకోరు.

ఈ అంకె పతకానికి మూలపురుషుడైన ఫీల్డ్స్ గారు పెట్టింది కాదు. చేసిన పనికి గుర్తింపు, చేయబోయే పనికి ప్రోత్సాహం కావాలన్నదే ఆయన కోరిక. తొలి పతకాలు 1936లో ఓస్లోలో ఇచ్చారు. 40 అన్నది 1966లో గానీ ఖాయం కాలేదు. ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించినా, నలభై దాటినందువల్ల పతకానికి దూరమైన ఆండ్రూ వైల్స్‌కి 1998లో బెర్లిన్‌లో మీరే ప్రత్యేకంగా వెండి ఫలకం ఇచ్చారు. ఈ లేఖ చివర నేనడిగే మార్పు అప్పటికే ఉన్నా ఆయనకి పతకం వచ్చేది కాదు, ఆ సంగతీ చెప్పాలి. కానీ గీత ఇరుకుగా ఉందని మీకూ అనిపించిందనడానికి ఆ ఫలకమే సాక్ష్యం.

పెద్దవాళ్లకి వేరే బహుమతులున్నాయిగా అంటారు. ఉన్నాయి. 1978 నుంచి వుల్ఫ్ ఉంది, 2003 నుంచి 75 లక్షల నార్వే క్రోనర్ల ఏబెల్ ఉంది, 30 లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ ఉంది. వీటి పక్కన 15 వేల కెనడా డాలర్ల ఫీల్డ్స్ సొమ్ము చాలా చిన్నది. కానీ గణిత నోబెల్ అని పత్రికలు రాసేది ఎక్కువగా దీన్నే. మద్రాసులో పుట్టిన వరధన్ గారికి ఏబెల్ 67వ ఏట వచ్చింది. మా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు గారు పాతికేళ్ల ప్రాయంలో, 1945లో రాసిన వ్యాసానికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి 2023లో, 102 ఏళ్ల వయసులో అందింది. తెలుగువాళ్లం ఎంతో సంతోషించాం. అయితే ఆ వయసులో వచ్చేది గౌరవం. ఉద్యోగం నిలబెట్టుకుంటూ, కొత్త సమస్య మీద ఐదారేళ్లు పందెం కాయడానికి కావలసిన ధైర్యం మాత్రం ముందే అందాలి. ఆ పని చేయగలిగేది మీ పతకమే.

2022 వరకు ఈ పతకం పొందినవారు 64 మంది. వారిలో మహిళలు ఇద్దరే, 2014లో మిర్జాఖానీ, 2022లో వియాజోవ్‌స్కా. పీహెచ్‌డీ అయ్యాక ఊరు మారుతూ తాత్కాలిక ఉద్యోగాలు చేసే ఏళ్లూ, పిల్లల్ని కనే ఏళ్లూ ఒకటే. ఇదొక్కటే కారణమని నేననను. మీ చేతిలో ఉన్న కారణం మాత్రం ఇది. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ యువ పరిశోధకుల గ్రాంట్లకు గడువును పీహెచ్‌డీ నుంచి లెక్కిస్తుంది, తల్లులకు బిడ్డకు 18 నెలల చొప్పున కలుపుతుంది. అదేమీ అసాధ్యమైన ఏర్పాటు కాదు.

నా మనవి రెండు మాటలు. 40 ఏళ్లు లేదా పీహెచ్‌డీ తర్వాత 12 ఏళ్లు, ఏది ఆలస్యమైతే దాన్ని గడువుగా పెట్టి, ప్రసవానికీ దీర్ఘ అనారోగ్యానికీ అదనపు సమయం ఇవ్వండి. ఆ గడువులోపు పూర్తయిన పనిని, ఆ వ్యక్తి గడువు దాటినా, వెంటనే వచ్చే మహాసభలో పరిశీలించండి. పతకం యువతదిగానే ఉంటుంది, పుట్టిన తేదీ వల్ల ఎవరూ నష్టపోరు. దీన్ని మీ తర్వాతి సర్వసభ్య సమావేశం ముందుంచి, సభ్యదేశాల అభిప్రాయం కోరండి.

భవదీయుడు,
ఒక గణిత అధ్యాపకుడు, హైదరాబాద్