దీపము పెట్టే వేళకు కోపము దిగాలి



పంట చేతికి వస్తుందో రాదో తెలియని రోజులు కొన్ని ఉంటాయి. విత్తనాలు వేసిన తరువాత వాన మొహము చాటేస్తుంది. ఎరువుల కొట్టులో బాకీ పెరుగుతుంది. కూతురి కాలేజీ ఫీజుకు గడువు దగ్గరపడుతుంది. ఇంట్లో పెద్దావిడ మంచము పట్టి ఉంటుంది. అలాంటి రోజున పొలము నుండి వచ్చిన ఇంటి యజమాని కూరలో ఉప్పు తక్కువైందని కంచము విసిరేస్తాడు. భార్య నోరు మెదపదు. కాసేపటికి పలక పగులగొట్టాడని చిన్నవాడి వీపు మీద దెబ్బ పడుతుంది. వాడు ఏడుస్తూ బయటకు పోయి కుక్కపిల్లను రాయితో కొడతాడు.

అత్త మీద కోపము దుత్త మీద అని మన పెద్దలు ఊరికే అనలేదు. వాన మీద కోపము వానకు చూపలేము. అప్పిచ్చినవాని మీద కోపము అతని ముందు చూపలేము. అందుచేత ఎదురు చెప్పలేని వారి మీద చూపుతాము. దుత్త పగిలితే ఇంకొకటి కొనవచ్చు. పిల్లవాని మనసు విరిగితే ఏ సంతలోనూ దొరకదు. అందుకే తండ్రులు తమ పిల్లలను విసిగించి వారి ధైర్యమును చెడగొట్టవద్దని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:21లో పౌలు హెచ్చరించాడు.

కోపము రావడమే పాపమా? అలా అనుకొనే విశ్వాసులు ఆదివారము గుడిలో నవ్వుతూ కూర్చొని, ఇంటికి వచ్చి పగిలిపోతుంటారు. మార్కు 3:5 చదవండి. ఊచచెయ్యి గలవాని స్వస్థతకు అడ్డుపడిన వారి మీద ప్రభువుకు కోపము వచ్చింది. వారి కఠిన హృదయమును చూచి దుఃఖము కూడా కలిగింది. ఆ కోపము ఒక చేతిని బాగుచేసింది గాని ఎవరి చేతినీ విరువలేదు. ఎఫెసీ 4:26లో పౌలు కోపమునకు ఒక పొద్దు గడువు పెట్టాడు. వచ్చిన కోపమును రాత్రికి ఇంట్లో పడుకోబెట్టుకోవద్దని దాని భావము.

కోపము వెనుక చాలాసార్లు వేరొకటి దాగి ఉంటుంది. సంఖ్యాకాండము 20వ అధ్యాయములో మోషే కోపముతో బండను రెండుసార్లు కొట్టిన సంగతి మనకు తెలుసు. అదే అధ్యాయము మొదటి వచనములో అతని అక్క మిర్యాము చనిపోయి పాతిపెట్టబడింది. ఆ వెంటనే నీళ్లు లేవని జనులు అతనితో పోట్లాటకు వచ్చారు. ఒక ప్రక్క చావు, ఒక ప్రక్క కరువు. భూమి మీద మిక్కిలి సాత్వికుడని పేరు పొందినవాడు ఆ రోజున నోరు జారాడు. దేవుడు జనులకు నీళ్లిచ్చాడు, అయితే మోషే కనానులో అడుగుపెట్టలేకపోయాడు. మన కోపమునకు కారణము ఉండవచ్చు. కారణము ఉన్నంత మాత్రాన దాని ఫలితము తప్పిపోదు. గనుక కంచము విసరక ముందే, "నాకు కోపమా, భయమా, దుఃఖమా, లేక నిద్ర లేదా?" అని ఎవరికి వారు అడుగుకోవాలి.

కోపమును ఆపే తెలివి ఎలా ఉంటుందో 1 సమూయేలు 25వ అధ్యాయములో చూస్తాము. నాబాలుకు 3000 గొర్రెలు, 1000 మేకలు ఉన్నాయి. బొచ్చు కత్తిరించే పండుగ దినమున దావీదు మనుషులు ఆహారము అడిగితే వారిని అవమానించి పంపాడు. దావీదు సుమారు 400 మందితో కత్తి కట్టుకొని బయలుదేరాడు. సంగతి విన్న అబీగయీలు త్వరపడింది. 200 రొట్టెలు, వండిన 5 గొర్రెలు, ఎండిన ద్రాక్షగెలలు, అంజూరపు అడలు గాడిదల మీద వేయించి ఎదురు వెళ్లింది. ఆకలిగా ఉన్నవారికి ముందు భోజనము పంపింది, తరువాత మాట్లాడింది. ఊరకనే రక్తము చిందించానన్న బాధ రేపు నీకు మిగలకూడదని దావీదుకు నచ్చజెప్పింది. దావీదు ఆమెను పంపిన దేవుని స్తుతించి వెనుదిరిగాడు. ఆ రాత్రి నాబాలు బాగా త్రాగి ఉన్నాడు గనుక అతనితో ఏమీ చెప్పక, తెల్లవారి మత్తు దిగిన తరువాత చెప్పింది. మాటకు కూడా అదను ఉన్నది.

మన ఇండ్లలో ఇలా చేసి చూడండి.

మొదటిది, బయటనుండి వచ్చిన మనిషి కాళ్లు కడుక్కొని అన్నము తినేవరకు అప్పుల మాట ఎత్తవద్దు. వచ్చిన మనిషి కూడా "ఈ రోజు నా మనసు బాగాలేదు" అని ముందే చెప్పాలి.

రెండవది, బాకీ ఎంతో భార్యకు తెలియకుండా దాచవద్దు. వారములో ఒక రోజు ఇద్దరూ కాగితము మీద లెక్క వ్రాసుకొని, దానిని ప్రార్థనలో పెట్టండి. దాచిన అప్పు కోపమై బయటపడుతుంది.

మూడవది, తగవు ఆ రాత్రి తేలకపోతే "రేపు మాట్లాడుకొందాము" అని చెప్పి, పలకరించుకొని పడుకోండి. సగము తగవులు నిద్ర లేచేసరికి చిన్నవవుతాయి.

నాలుగవది, పిల్లవానిని అన్యాయముగా కొట్టినట్లయితే తండ్రి వానిని క్షమించమని అడగాలి. దానివలన తండ్రి గౌరవము తగ్గదు.

అయితే ఒక మాట. భార్యను కొట్టుట కోపము క్రిందికి వచ్చేది కాదు, అది హింస. అబీగయీలు కథ చెప్పి దెబ్బలు తినే సహోదరిని ఓర్చుకొమ్మనవద్దు. అట్టి సహోదరి కాపరికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజమునకు చెప్పుకోవాలి. వారు ఆమె పక్షమున నిలబడాలి. 2005లో వచ్చిన గృహహింస చట్టము ఆమెకు రక్షణ ఇస్తున్నది. 181 నంబరుకు ఫోను చేస్తే సహాయము దొరుకుతుంది.

కోపము తన మీదికే తిరిగే వారు కూడా ఉన్నారు. 1997-98లో వరంగల్లు జిల్లాలో పత్తిని పురుగు తినివేసినప్పుడు ఎందరో రైతులు ప్రాణములు తీసుకొన్నారు. ఇంటి మనిషి మాట్లాడడము మానివేసి, తిండి తగ్గించి, "నేను లేకపోతేనే మేలు" అంటే తేలికగా తీసుకోవద్దు. ఒంటరిగా విడువవద్దు. 14416 అను ప్రభుత్వ నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ ఇంటికి సంఘము వెళ్లి కూర్చోవాలి.

దేవుని యెదుట మన కోపమును దాచుకోనక్కరలేదు. 13వ కీర్తనలో దావీదు ఇంకెంత కాలమని దేవునినే అడిగాడు, అడిగినందుకు దేవుడు అతనిని త్రోసివేయలేదు. ఇంటివారి మీద కుమ్మరించే మాటలు ఆయన పాదముల యొద్ద కుమ్మరించండి. ఆయన ఓర్చుకోగలడు. మన పిల్లలు ఓర్చుకోలేరు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో 1 సమూయేలు 25వ అధ్యాయము చదవండి. చదివిన తరువాత ఇంటిలో అందరికంటె చిన్నవానిని, "మన ఇంట్లో నీకు ఎప్పుడు భయము వేస్తుంది?" అని అడగండి. వాడు చెప్పేది అడ్డు తగలకుండా వినండి.

ప్రార్థన: ప్రభువా, మా పొలముల మీద వాన, మా నోళ్లకు కావలి దయచేయుము. ఈ సాయంకాలము మా ఇంట ఎవరూ ఎవరికీ భయపడకుండా నిద్రపోవునట్లు కృప చూపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.