దేశదేశముల వనితలు: క్వెజోన్ నగరము, సోరా అవ్వ

ఫిలిప్పీను ద్వీపములనగానే మన సోదరీమణులకు మనీలా పట్టణము జ్ఞప్తికి వచ్చును. కాని జనసంఖ్యచే నేడా దేశమున మొదటి నగరము మనీలా కాదు. దానికి ఈశాన్యమున నున్న క్వెజోన్ నగరము. 2020వ సంవత్సరపు లెక్కలలో నచట ఇంచుమించు 29 లక్షల 60 వేల మంది తేలిరి. మనీలా సముద్రపు టొడ్డున, పాసిగ్ నది కడలిని జేరుచోట, పల్లపు నేలపై నున్నది. క్వెజోన్ నగరము మెరక. దానికి తూర్పున మరికినా నదిలోయ, ఆ వెనుక కొండలు. ఉత్తరమున మనీలా ప్రాంతమునకు త్రాగునీ రొసగు లా మెసా జలాశయము.

నగరమను పేరు దీనికి 1939లో వచ్చినది. అప్పటి దేశాధ్యక్షుడగు మనుయేల్ క్వెజోన్ పేరు దీనికి బెట్టిరి. 1948 మొదలు 1976 వరకు నిదియే రాజధాని. అంతకు ముందీ నేలపై నున్నవి పల్లెలు, వరిపొలములు, పొదలు. మా కథ యా పల్లెలదే.

స్పెయినువారు మూడువందల యేండ్లకు పైగా నా ద్వీపముల నేలిరి. వారి కోట మనీలాలో. 1892లో నాండ్రెస్ బొనిఫాసియో మున్నగువా రాపట్టణముననే కటిపునన్ అను రహస్యసంఘమును స్థాపించిరి. 1896 ఆగస్టు 19వ తేదీని గుట్టు బయటపడెను. సంఘమువారు ఉత్తరపు పల్లెలకు బరుగిడిరి. ఆ మెరకనేల కోటకు దూరము, కొండలకు దాపు.

అచట బన్లాట్ అను పల్లెలో మెల్చోరా అక్వినో అను వృద్ధురాలు చిన్న యంగడి నడుపుకొనుచుండెను. ఆమె 1812లో బుట్టినది. భర్త గతించెను, ఆరుగురు బిడ్డలను తానే పెంచి పెద్దచేసెను. అప్పటి కామె వయస్సు 84. ఊరివారామెను "తందాంగ్ సోరా" అనిరి; మన మాటలో సోరా అవ్వ యన్నమాట. ఆకలితో వచ్చినవారి కన్నము పెట్టెను, గాయములకు గట్లు కట్టెను, తలదాచుకొనుటకు జోటిచ్చెను. ఈ పనులు మనమందరము నిత్యము చేయునవే. వీనిని పరాక్రమమని యెవరు నెంచరు. స్పెయిను ప్రభుత్వము మాత్రము చక్కగా నెంచినది! ఆ నెలాఖరున నామెను బట్టుకొని, విప్లవకారుల జాడ చెప్పుమని యడిగిరి. ఆమె చెప్పలేదు. చెరలో నుంచి, పిదప సముద్రముపై నెంతో దూరమున నున్న గువామ్ ద్వీపమునకు బంపివేసిరి. అన్నము పెట్టిన నేరమునకు 84 ఏండ్ల ముసలిదానికి ద్వీపాంతరము!

ఆ దినములలోనే బొనిఫాసియో యనుచరులు తమ "సెడులా"లను చించివేసి తిరుగుబాటు చాటిరి. సెడులా యనగా బ్రజలు పన్ను కట్టి పుచ్చుకొనవలసిన గుర్తుచీటి. ఇది పుగాడ్ లావిన్ అనుచోట, సోరా అవ్వ కుమారుడగు హువాన్ రామోస్ పెరటిలో, ఆగస్టు 23న జరిగెనని యొక సాక్షి చెప్పెను. ప్రభుత్వమువా రా తేదీనే యంగీకరించిరి. కాదు, బాలింతవాక్‌లో 26న యని మరికొందరు. పురుషులు చించిన కాగితములను గూర్చి పండితుల వాదము నేటికి దీరలేదు. వారికి వండిపెట్టిన దెవరనుటలో మాత్రము పేచీ లేదు.

బొనిఫాసియోను 1897లో స్వపక్షమువారే చంపిరి. 1898లో స్పెయినువారు పోయి యమెరికావారు వచ్చిరి. అవ్వ 1903లో దిరిగి యింటికి జేరెను, 91 ఏండ్ల వయస్సున. ఏ స్వాతంత్ర్యమునకై చెర కేగెనో యది యామె చూడలేదు. అది 1946లో వచ్చినది. ఆమె 1919లో, 107వ యేట గన్నుమూసెను.

బాలింతవాక్ మీదుగా బోవు పెద్దబాట యొకటి యీ నగరముననే రెండు సైనికశిబిరముల నడుమ సాగును. ఎడ్సా యని దాని పేరు. 1986 ఫిబ్రవరిలో మార్కోస్ నిరంకుశాధికారమును ధిక్కరించి, లక్షలాది జనులు నాలుగు దినము లా బాటపై నిలిచిరి. క్రైస్తవ సన్యాసినులు జపమాలలతో టాంకుల యెదుట మోకరిల్లిరి. గృహిణు లాహారము తెచ్చి జనమునకే కాదు, సైనికులకు గూడ బంచిరి. 25వ తేదీని మార్కోస్ దేశము విడిచెను. కొరజోన్ అక్వినో యధ్యక్షురాలయ్యెను. ఇంటిపేరొకటే గాని ఈమె వేరు.

సోరా అవ్వ పుట్టి రెండువందల యేండ్లు నిండిన 2012లో నామె యస్థికలను పుట్టినచోటికి దెచ్చి నిలిపిరి. నేడా పేట పేరును, దాని నడిమి వీథి పేరును తందాంగ్ సోరాయే. దినమున కెందరో యా పేరు చెప్పి యచట బండి దిగుచుందురు.